అక్షింతల కింద అరవై ఆరు నిమిషాలు

“పది నిమిషాల పది సెకన్లు,” అన్నాడు సైబర్ చక్రధర్, అట్టపెట్టె మీది అంకెను గోటితో కొడుతూ. “ఆ పాప ఒక్కతే ఈడ ఉండింది పన్నెండు నిమిషాలు. పని కానిచ్చి టీ తాగను కూడా టైం మిగిలింది. కేసు అయిపోయింది మేడం. మీరే అనవసరంగా ఎండనబడి వచ్చినారు.”

వరదమ్మ ఇంకా చెప్పులైనా విప్పలేదు. శనివారం ఉదయం పది ఇరవైకి, తిరుచానూరు రోడ్డులోని ఏకాంబరం స్టూడియో మెట్టు మీద ఒక కాలు, గడపలో ఒక కాలు పెట్టి నిలబడి ఉంది. తాను రాకముందే కేసు తేలిపోవడం ఆమెకు గిట్టదు. తేల్చినవాడు చక్రధర్ అయితే మరీ గిట్టదు.

ఆమె సంగతి రెండు ముక్కల్లో చెప్పుకోవాలంటే, రైల్వే కంట్రోలు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చుని, ఏ బండి ఏ నిమిషానికి ఎక్కడుందో గళ్ల కాగితం మీద గీతలు గీసి చెప్పిన మనిషి. రిటైరై రేణిగుంటలో ఇల్లు కట్టుకున్నాక మూడు నెలలు ఊరికే కూర్చుంది. నాలుగో నెల ఊరుకోలేక ‘వరదమ్మ విచారణలు’ అని బోర్డు తగిలించింది. మొదట్లో జనం రైళ్ల టైములు అడగడానికే వచ్చేవారు. వాళ్లకూ ఓపికగా చెప్పి పంపేది. చక్రధర్ దారి వేరు. చెన్నైలో రెండు వారాల సైబర్ డిటెక్టివు కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి, తిరుపతి ఎండలో కోటు వేసుకుని తిరుగుతాడు. ఇద్దరూ ఇదివరకు మూడు కేసుల్లో ఎదురుపడ్డారు. మూడింట్లోనూ చక్రధర్ ముందు తేల్చాడు, ఆ తర్వాత వరదమ్మ నిజం తేల్చింది.

“ఫోన్లో నువ్వు ఏడస్తా చెప్తే నాకు సగమే అర్థమయింది. మొదటినుంచి చెప్పప్పా ఏకాంబరం,” అంటూ ఆమె లోపలికి వచ్చి కుర్చీ లాక్కుంది.

ఏకాంబరం పెళ్లి వీడియోలు తీస్తాడు. యాభై దాటిన భారీ మనిషి. కంగారుపడితే ఒకరికి బదులు ఇద్దరిని పిలిచే రకం. అందుకే ఈ రోజు ఇద్దరు డిటెక్టివులు ఒకే ఫ్యాను కింద కూర్చోవలసి వచ్చింది.

“ఏం చెప్పేదక్కా. భారతవ్వ గొంతు పోయింది,” అన్నాడు.

“అది పోయి రెండేండ్లయింది కదా.”

“ఇది రెండోసారి పోయేదక్కా.”

మూలన స్టూలు మీద కూర్చున్న ముసలామె వైపు వరదమ్మ తిరిగి నమస్కారం పెట్టింది. భారతమ్మ గంగ జాతర పాటలకు పేరుపడ్డ మనిషి. నలభై ఏళ్లపాటు ఈ చుట్టుపక్కల ఆమె గొంతు లేవకుండా జాతర మొదలైంది లేదు. రెండేళ్ల కిందట గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట పూర్తిగా పోయింది. చదువు రాదు గనక రాసి చూపించే దారీ లేదు. ఒళ్లో వక్కాకు తిత్తి, చేతిలో స్టీలు గ్లాసు. ఏం కావాలన్నా ఆ గ్లాసుతో బల్ల మీద కొడుతుంది.

ఆమె పాడినవన్నీ పాత క్యాసెట్ల నుంచి, వీడియో టేపుల నుంచి ఎక్కించి ఏకాంబరం తన కంప్యూటర్లోని ఎస్‌ఎస్‌డి డ్రైవులో దాచాడు. మొత్తం ఆరు వందల పది జీబీ. ఈ రోజు తొమ్మిదిన్నరకు తెరిచి చూస్తే పాటల ఫోల్డరు లేదు. పెళ్లిళ్ల ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. సొరుగులో ఉండాల్సిన, బయటినుంచి తగిలించే రెండు జేబు డ్రైవుల్లో మాత్రం ఒకటి కనబడలేదు.

“క్యాసెట్లు ఉండాయి కదా?”

ఏకాంబరం నేల చూపులు చూశాడు. “ఎక్కించినాక ఇంకెందుకని పారేసినానక్కా. బూజు పట్టింటే.”

“పోనీ, చెరిపేసింది మళ్లీ తీయలేమా?”

“ఎస్‌ఎస్‌డిలో చెరిపితే చెరిపినట్టే మేడం,” అన్నాడు చక్రధర్. “పాత హార్డు డిస్కు అయితే గీకి తీయొచ్చు. ఇది ఖాళీ అయిన గదిని వెంటనే కడిగేస్తుంది.” ఆ మాట నిజమే. సర్టిఫికెట్టు అంతమాత్రం ఊరికే రాలేదు.

కంప్యూటరు ముందు కూర్చున్న రూపశ్రీ కళ్లు రెండూ ఉబ్బి ఉన్నాయి. ఇరవై మూడేళ్ల పిల్ల, నాలుగేళ్లుగా ఇక్కడే ఎడిటింగు చేస్తోంది. ఆమె ముందర చక్రధర్ టైపు చేయించి తెచ్చిన ఫిర్యాదు కాగితం ఉంది. ఏకాంబరం సంతకం ఒక్కటే తక్కువ. పన్నెండు గంటలకు దాన్ని పోలీసు స్టేషన్లో ఇస్తానని చక్రధర్ అప్పటికే రెండుసార్లు చెప్పాడు.

“స్టేషన్లో నా పేరు పడితే ఇంక నన్ను ఏ స్టూడియోలోనూ మౌసు ముట్టనియ్యరు మేడం,” అంది రూపశ్రీ. “ఆ పాటలు ఎక్కించింది నేను. ఒక్కొక్క క్యాసెట్టు బూజు తుడిచి ఎక్కించినా. నేనే ఎందుకు చెరిపేస్తాను?”

“చెరపలేదు. కాపీ కొట్టుకొని చెరిపినావు,” అన్నాడు చక్రధర్. “లెక్క సూడండి మేడం. లోపలి డ్రైవు సెకనుకు మూడువేల ఐదు వందల ఎంబీ చదువుతుంది. బయటి డ్రైవు సెకనుకు వెయ్యి రాస్తుంది. రెండూ పెట్టెల మీదే అచ్చేసుండాది. తక్కువదే లెక్క. వెయ్యి చొప్పున ఆరు వందల పది జీబీకి పది నిమిషాల పది సెకన్లు. నిన్న పదకొండూ ఇరవై నుంచి పదకొండూ ముప్ఫై రెండు దాకా ఈ పాప ఒక్కతే ఉండాది. వాకిట్లో నేను బిగించిన కెమెరా ఉండాది, అది అబద్ధం చెప్పదు.”

ఠంగ్ మని గ్లాసు మోగింది. భారతమ్మ రూపశ్రీని చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. తర్వాత తన గుండె మీద తట్టుకుంది. తర్వాత కంప్యూటరు వైపు వేలు చూపింది.

“సూసినారా,” అన్నాడు చక్రధర్. “ఆ పాప. నా పాటలు. కంప్యూటర్లో నుంచి. పోగొట్టుకున్న మనిషే వేలు పెట్టి చూపిస్తా ఉంటే ఇంకేం సాక్ష్యం కావాల?”

“అవ్వకు కాఫీ కావాలేమో,” అని ఏకాంబరం లేచి పక్క హోటలుకు కేక వేశాడు.

కాఫీ వచ్చింది. భారతమ్మ దాన్ని బల్ల మీద పెట్టించి వరదమ్మ వైపే చూస్తూ కూర్చుంది.

వరదమ్మ సంచిలోంచి గళ్ల కాగితం, రంగు పెన్సిళ్లు తీసింది. అడ్డంగా గంటలు, నిలువుగా చోట్లు: స్టూడియో, బజారు, ఇల్లు, హాస్టలు. బండ్లను గీసినట్టే మనుషులనూ గీస్తుంది. మనిషి ఒక చోటినుంచి ఇంకో చోటికి కదిలితే ఏటవాలుగా ఒక గీత. కాగితం చూస్తే ఎవరు ఎక్కడ ఎవరిని దాటిపోయారో తెలిసిపోవాలి.

“నిన్న ఎన్నింటికి తెరిచినారు?”

“తొమ్మిదిన్నరకు. నేను, పాప కలిసే వచ్చినాం. పదకొండూ ఇరవై దాకా పక్కపక్కనే ఉండాం. అప్పుడు నేను పూలకు పోయినా, పన్నెండు నిమిషాల్లో వచ్చినా.”

“తర్వాత?”

“పదకొండూ నలభైకి కరెంటు పోయింది. పన్నెండూ పదికి వచ్చింది. అప్పటినుంచి పన్నెండూ నలభై దాకా ఇద్దరం కూర్చోని చంద్రగిరి వాళ్ల ఆల్బం చూసినాం. ఆ తర్వాత అన్నానికి పోయినాం. నేను ఇంటికి, పాప హాస్టలుకు. షట్టరు సగం దించి.”

“మళ్లీ ఎప్పుడు వచ్చినారు?”

“రెండు గంటలకు. రెండుంబావుకు స్టూడియో మూసి అందరం పెళ్లికి చంద్రగిరి పోయినాం. తాళం ఏ రాత్రయినా నా మొలలోనే ఉంటాది.”

“అన్నానికి పోయిన పొద్దులో ఈడ ఎవురుండారు?”

“ఎవురూ లేరక్కా. భారతవ్వ ఉండింది, అంతే. దినామూ ఆ పొద్దుకు వచ్చి తన పాటలు తానే వింటుంది.”

“నా కెమెరాలో కూడా ఇంక ఎవరూ రాలేదు,” అన్నాడు చక్రధర్.

వరదమ్మ ఏకాంబరానికి నీలం గీత, రూపశ్రీకి ఎర్ర గీత గీసింది. రెండూ పన్నెండూ నలభైకి స్టూడియో వదిలి రెండింటికి తిరిగి వచ్చాయి. కాగితం శుభ్రంగా కనబడింది గానీ ఆమెకు ఎందుకో నచ్చలేదు. ఎక్కడో ఒక బండి తప్పిపోయినట్టు అనిపించింది.

“ఈ పాటల మీద ఈ మధ్య ఎవరైనా కన్నేసినారా?” అని అడిగింది.

ఏకాంబరం ముఖం కొంచెం వెలిగింది. “గూడూరులో నిమ్మకాయ సోడా కంపెనీ వాళ్లు వచ్చినారక్కా. అవ్వ పాటలిస్తే కంప్యూటరు అవ్వ గొంతును నేర్చుకుంటాదంట. ఇంక అవ్వ లేకపోయినా అవ్వ గొంతుతో అడ్వర్టైజ్‌మెంటు పాడిస్తారంట. గురువారం సాయంత్రం శాంపిల్ పంపినారు. అచ్చం అవ్వే. గంగమ్మ పాట వరసలో సోడా పాట. అవ్వకు వినిపిస్తే కండ్లనిండా నీళ్లు పెట్టుకునింది. అంత సంతోషం.”

ఠంగ్. ఈసారి గ్లాసు గట్టిగానే మోగింది.

“కాఫీ చల్లారిపోయినట్టుంది,” అన్నాడు ఏకాంబరం. మజ్జిగ తెప్పించాడు.

వరదమ్మ పెన్సిలు పక్కన పెట్టింది. “చక్రధర్ గారూ, ఎక్స్‌ప్రెస్సు వేగం నూటా పది అని పుస్తకంలో రాసుంటారు. ఆ లెక్కన రేణిగుంట నుంచి గూడూరు ముక్కాలు గంటే. మీరెప్పుడైనా ముక్కాలు గంటలో గూడూరులో దిగినారా?”

“రైలు వేరు, ఎస్‌ఎస్‌డి వేరు మేడం. దీంట్లో కదిలేదే ఏమీ లేదు.”

“సరే, పంపించి చూస్తాం. పెళ్లి వీడియోలు ఎంత ఉండాయి పాపా?”

“రెండు వందల జీబీ ఉండాయి మేడం.”

“వాటిని ఆ మిగిలిన జేబు డ్రైవులోకి కాపీ పెట్టు. సరిగ్గా పది నిమిషాల పది సెకన్లు చూస్తాం.”

రూపశ్రీ తటపటాయించింది. “పెట్టేదానికి ముందు ఒక మాట మేడం. లోపలి డ్రైవు లెక్క ఒకసారి రాసుకోనిస్తారా? పొద్దుటినుంచి చెప్తా ఉండా, ఈయన చెప్పనీలేదు.” ఆమె బల్ల కింద నుంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసింది. “ఈ డ్రైవు శానా కాలిపోతా ఉండాది. కొత్తది కొనమంటే ఏకాంబరం సార్ నమ్మలేదు. అందుకే దినామూ సాయంత్రం రాసి పెడతా ఉండా.”

తెర మీద ఆమె ఒక పట్టిక తెరిచింది. వరదమ్మ కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. ఆ డ్రైవు తన ఒంటి సంగతి తనే రాసుకుంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. ఎన్ని గంటలు నడిచిందో, ఎంత చదివిందో, ఎంత రాసిందో, ఎన్నిసార్లు హఠాత్తుగా కరెంటు పోయిందో, హద్దు దాటిన వేడిలో ఎన్ని నిమిషాలు గడిపిందో, అన్నీ ఉన్నాయి. రైలు చివర పెట్టెలో గార్డు రాసే డైరీ కూడా ఇంత బుద్ధిగా ఉండదు. ఆమెకు ఆ డ్రైవు మీద ఒక్కసారిగా గౌరవం పుట్టింది.

“వేడి నిమిషాలు ఇప్పుడు ఎంత?”

“నాలుగు వందల డెబ్బై ఎనిమిది.”

“గురువారం సాయంత్రం?”

“నాలుగు వందల పన్నెండు.” రూపశ్రీ గొంతు మారింది. “అరవై ఆరు నిమిషాలు పెరిగింది మేడం. ఎడిటింగులో కొంచెం కొంచెమే చదువుతుంది, అంత కాలదు. చదివిన లెక్క కూడా ఆరు వందల ముప్ఫై జీబీ పెరిగింది.”

“అంటే పాటలు చచ్చిపోలేదు,” అంది వరదమ్మ. “సుమ్మా ఊరికే చెరిపేసింటే చదివిన లెక్క పెరగదు. ఎవురో మొత్తం చదివించి, యాడికో చేర్చి, ఆ తర్వాతే చెరిపినారు. సరే, బండి వదులు.”

కాపీ మొదలైంది. మొదటి నిమిషం చక్రధర్ పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. సెకనుకు వెయ్యి దగ్గరే అంకె ఆడింది, అరవై జీబీ చకచకా దాటిపోయింది. పక్క తెరలో వేడి డెబ్బై, ఎనభై, ఎనభై ఐదు డిగ్రీలు. అంతే, అంకె దభీమని కిందపడింది. ఆరు వందలు, మూడు వందలు, నూట నలభై. అక్కడే కూర్చుంది. చక్రధర్ మౌసును రెండుసార్లు అటూ ఇటూ కదిపాడు. అంకె కదల్లేదు.

“కాలితే తనంతట తానే నెమ్మదిస్తుంది మేడం, లేకపోతే చిప్పు పాడైపోతుంది,” అంది రూపశ్రీ.

పది నిమిషాల పది సెకన్లకు లెక్క చూశారు. నూట ముప్ఫై ఏడు జీబీ.

“ఇంత వేడి దీనికి ఉండకూడదు,” అన్నాడు చక్రధర్, కోటు గుండీ విప్పుతూ. “పైన అల్యూమినియం రేకు బిగించి ఉంటుంది, వేడి లాగేదానికి. కంపెనీ తప్పు.”

“మూత విప్పు పాపా,” అంది వరదమ్మ.

కాపీ ఆపి, కరెంటు తీసి, రూపశ్రీ నాలుగు మరలు విప్పింది. కంప్యూటరు పెట్టె లోపల ఫ్యాను మీద కుంకుమ బొట్టు, బోర్డు అంచున గంధం, ఎండిపోయిన బంతి రేకు ఒకటి. డ్రైవు మీది రేకు కొంచెం ఒక వైపుకు ఎగిసినట్టుంది. దాన్ని ఊడదీసి బోర్లించింది. చిప్పుకూ రేకుకూ మధ్య రెండు పసుపు బియ్యపు గింజలు, వేయించినట్టు రంగు మారి, హాయిగా పడుకుని ఉన్నాయి.

ఏకాంబరం వాటిని చూసి నాలుక కరుచుకున్నాడు.

“విజయదశమికి పూజ చేసినానక్కా,” అన్నాడు ఏకాంబరం మెల్లగా. “కొత్త సామాను కదా. బిగించకముందే అన్నిటికీ అక్షింతలు వేసినా. పెండ్లిండ్లలో బతికేవాణ్ణి, అక్షింతలు వేయకుంటే ఎట్ల?”

“పెద్ద కెమెరాలో కూడా ఒకటి ఉండాది,” అంది రూపశ్రీ. “మూడు పెండ్లిండ్ల వీడియోల్లో ఒకే చోట తెల్లటి చుక్క పడింది. మంచి శకునమని చెప్పి ఇచ్చేసినాం.”

రేకు చిప్పును తాకకపోతే వేడి ఎక్కడికి పోతుంది? వరదమ్మ ఆ రెండు గింజలనూ కాగితంలో మడిచి సంచిలో పెట్టుకుంది. సాక్ష్యాలలో ఇంత శుభప్రదమైనది ఆమెకు ఇంతవరకూ దొరకలేదు.

“చక్రధర్ గారూ, మీ లెక్క పెట్టెకు సరిపోతుంది. ఈ గింజలున్న డ్రైవుకు సరిపోదు. మొదటి నిమిషంలో అరవై జీబీ. మిగిలిన ఐదు వందల యాభై సెకనుకు నూట నలభై ఎంబీ చొప్పున. మొత్తం అరవై ఆరు నిమిషాల చిల్లర. డ్రైవు రాసుకున్న వేడి నిమిషాలూ అరవై ఆరే.”

చక్రధర్ ఓడిపోవడానికి ఇంకా సిద్ధంగా లేడు. “ఆ పన్నెండు నిమిషాల్లో కాపీ పెట్టి వదిలేసింటుంది. సార్ వచ్చినాక కూడా వెనకాల అది నడస్తానే ఉంటుంది.”

“పదకొండూ నలభైకి కరెంటు పోయింది కదా.”

“యూపీఎస్సు ఉండాది.”

“ఉండాది, చచ్చిపోయుండాది,” అంది రూపశ్రీ. “హఠాత్తుగా ఆగిన లెక్క సూడండి. గురువారం ముప్ఫై ఒకటి, ఇప్పుడు ముప్ఫై రెండు. ఆ దెబ్బకు ఏ కాపీ అయినా తెగిపోతుంది.”

“పన్నెండూ పదికి కరెంటు వచ్చినాక మొదలుపెట్టినా, అరగంటకే అన్నానికి పోయింది కదా పాప,” అంది వరదమ్మ. “కాపీ అయినాకనే కదా చెరిపేది. చెరిపేదానికి మనిషి ఉండాల. రెండింటి తర్వాత ఏకాంబరం ఉండాడు, రెండుంబావుకు స్టూడియో మూసినారు. ఏకాంబరం, సంతకం పెట్టే పెన్ను లోపల పెట్టు.”

ఏకాంబరం పెన్ను జేబులో పెట్టుకున్నాడు. గడియారంలో పదకొండూ యాభై. రూపశ్రీ ముఖం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చింది. పొద్దుటినుంచి పట్టి ఉంచిన ఏడుపు అది. వరదమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

“అయితే ఎవరు మేడం?” చక్రధర్ అడిగాడు. ఈసారి వెటకారం లేదు. “ఒక గంటా పది నిమిషాలు ఈ స్టూడియోలో ఎవరున్నారు? నా కెమెరాలో ఇంక లోపలికి వచ్చిన మనిషే లేడు.”

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

“అవ్వకు ఆకలేమో,” అంటూ ఏకాంబరం లేవబోయాడు.

“కూర్చోప్పా,” అంది వరదమ్మ.

ఆమె తన గళ్ల కాగితం వైపు చూసింది. నీలం గీత ఉంది. ఎర్ర గీత ఉంది. పన్నెండూ నలభై నుంచి రెండు దాకా స్టూడియో గడి తెల్లగా, ఖాళీగా ఉంది. కదిలిన ప్రతి మనిషినీ గీసింది. కంట్రోలు ఆఫీసులో మొదటి వారం చేరిన పిల్లలు చేసే తప్పు ఇదే. పరుగెత్తే బండ్లను చూస్తారు, స్టేషన్లో ఆగి ఉన్న బండిని గీయడం మరిచిపోతారు. ఆగిన బండికి ఏటవాలు గీత ఉండదు. అడ్డంగా, చదునుగా ఉంటుంది. అది గీయకపోతేనే గుద్దుకుంటాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ మాట అందరికీ చెప్పిన తనకు సిగ్గేసింది.

ఆకుపచ్చ పెన్సిలు తీసి, పన్నెండూ నలభై నుంచి రెండు దాకా స్టూడియో గడిలో అడ్డంగా ఒక గీత గీసింది. ఎనభై నిమిషాలు.

“పాపా, అవ్వకు ఈ కంప్యూటరు ఎవురు నేర్పినారు?”

“నేనే మేడం,” అంది రూపశ్రీ కళ్లు తుడుచుకుంటూ. “పాట మార్చేదానికి నేను లేకుంటే ఎట్లని. అవ్వ నలభై ఏండ్లు టేపు రికార్డర్లతో వేగింది, శానా తొందరగా పట్టేసింది. పసుపు ఫోల్డరును ఇట్ల పట్టుకొని ఆడికి లాగితే కాపీ అవుతుంది, ఇది నొక్కితే పోతుంది అని...” ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది.

అందరూ మూలకు తిరిగారు. భారతమ్మ రూపశ్రీని చూపించి, మళ్లీ అదే విధంగా చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ పిల్ల కాదు. గుండె మీద తట్టుకుంది. నేను. కంప్యూటరు చూపించింది. పొద్దుటినుంచి ఆమె చెబుతున్నది ఇదే. అందుకు ఆమెకు దక్కింది ఒక కాఫీ, ఒక మజ్జిగ.

“బాధితురాలే వేలు పెట్టి చూపించింది అన్నారు కదా,” అంది వరదమ్మ చక్రధర్‌తో. “నిజమే చెప్పినారు.”

భారతమ్మ వక్కాకు తిత్తి ముడి విప్పింది. తమలపాకులు, వక్కలు, సున్నపు డబ్బీ, వాటి మధ్య సొరుగులో కనబడకుండా పోయిన జేబు డ్రైవు. సున్నపు డబ్బీ మూత ఊడిపోయి ఉంది. డ్రైవు నోట్లో, తీగ దూర్చే చోట, తెల్లటి సున్నం నిండి ఉంది.

రూపశ్రీ డ్రైవును పైట చెంగుతో తుడిచి, బల్ల మీది ల్యాప్‌టాప్‌కు తగిలించింది. లైటు ఒకసారి వెలిగి ఆరింది. తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది: ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?

భారతమ్మకు చదువు రాదు గానీ, రూపశ్రీ ముఖం చదవడం వచ్చు. లేచి నిలబడింది.

“భయపడాల్సింది ఏమీ లేదు, ఇది మామూలే,” అన్నాడు చక్రధర్, పోయిన పరువు తిరిగి తెచ్చుకునే అవకాశం దొరికినందుకు సంతోషంతో. “సరే అని నొక్కితే సరిపోతుంది.” అతని వేలు ఎంటర్ మీదికి పోయింది.

ఈసారి గ్లాసు బల్ల మీద మోగలేదు. చక్రధర్ వేళ్ల మీద మోగింది.

అతను చెయ్యి నోట్లో పెట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు. రూపశ్రీ డ్రైవు ఊడదీసింది. లెన్సులు తుడిచే మందులో దూది ముంచి, పుల్లకు చుట్టి, సున్నాన్ని కొంచెం కొంచెంగా లాగింది. పన్నెండు గంటలయింది. ఎవరికీ స్టేషను గుర్తుకు రాలేదు. మందు ఆరేదాకా ఫ్యాను కింద పట్టుకుని, మళ్లీ తగిలించింది. లైటు వెలిగింది. ఆరలేదు. తెర మీద పసుపు ఫోల్డరు వచ్చింది. ఆరు వందల పది జీబీ.

ఆమె మొదటి పాట నొక్కింది. గదిలో భారతమ్మ గొంతు లేచింది, ముప్ఫై ఏళ్ల కిందటిది, గంగమ్మను ఊళ్లోకి పిలిచే గొంతు. స్టూలు దగ్గర నిలబడిన భారతమ్మ పెదవులు దానితో పాటే కదిలాయి. శబ్దం రాలేదు. వరదమ్మ పెన్సిలు కింద పెట్టి వింటూ కూర్చుంది. తనకు పాటలంటే పెద్దగా పట్టదని ఇంతకాలం అనుకునేది.

“ఎందుకవ్వా ఇట్ల చేసినావు?” అన్నాడు ఏకాంబరం, నిజంగానే అర్థం కాక.

“ఆమె ఎట్ల చెప్తుందప్పా, నేను చెప్తా,” అంది వరదమ్మ. “గురువారం సాయంత్రం ఆమె కండ్లలో నీళ్లు సంతోషమని నువ్వనుకున్నావు. గంగమ్మకు పాడిన గొంతు సోడా అమ్మితే ఆమెకు సంతోషమా? ఎవురికీ దొరక్కుండా తన గొంతు తాను ఎత్తుకుపోయింది. దాన్ని దొంగతనమంటారా చక్రధర్ గారూ?”

చక్రధర్ వేళ్లు ఊదుకుంటూ తల అడ్డంగా ఊపాడు. ఫిర్యాదు కాగితాన్ని తనే తీసి మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

వరదమ్మ డ్రైవును ఊడదీసి భారతమ్మ చేతిలో పెట్టింది. ముసలామె దాన్ని ఈసారి సున్నానికి దూరంగా కొంగున కట్టుకుని, రూపశ్రీ చెంప నిమిరింది. కేసు అయిపోయినట్టే ఉంది. వరదమ్మ పెన్సిళ్లు సంచిలో వేసుకుంటూ, నీలం పెన్సిలు దగ్గర ఆగింది.

“ఏకాంబరం. గూడూరు వాళ్లు శాంపిల్ పంపినారన్నావు. అచ్చం అవ్వే అన్నావు.”

“అవునక్కా.”

“అవ్వ పాటలు వినకుండానే వాళ్ల కంప్యూటరు అవ్వ గొంతు నేర్చుకునిందా?”

ఏకాంబరం జేబులోని పెన్నును తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఎన్ని ఇచ్చినావు?”

“బుధవారం ఒక పెన్‌డ్రైవులో... పన్నెండే అక్కా. శాంపిల్‌కని.” అతని గొంతు దాదాపు వినబడలేదు. “మిగిలిన పాటలు ఇయ్యకపోయినా ఈ పన్నెండే చాలంట. నిన్న సాయంత్రం ఫోన్ చేసినారు. సోమవారం నుంచి సోడా పాట టీవీలో వస్తుందంట.”

ఠంగ్ మని గ్లాసు మోగింది.

ఈసారి కాఫీ కోసం ఎవరూ లేవలేదు. వరదమ్మ చెప్పులు వేసుకుని గూడూరు బండి టైము గుర్తు చేసుకుంటుండగా, భారతమ్మ గ్లాసు పట్టుకుని ఆమెకంటే ముందే మెట్టు దిగింది.